కారు సెల్ఫ్ మోటరు ఇంటి దగ్గరే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు వైపు కార్లవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలు ఇవి. ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ10, ఇండికా లాంటి మాన్యువల్ గేరు చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. మీ బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఇంకోలా ఉంటే దాని మాటే వినండి.

తాళం తిప్పితే టక్‌మని ఆగిపోతోంది. సెల్ఫ్ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు. కానీ మోటరు మీద నేరం మోపేముందు హెడ్‌లైట్లు వేసి, ఇంకొకరిని తాళం తిప్పమని చెప్పి, మీరు బండి పక్కన నిలబడి చూడండి, వినండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

లైట్లు బాగా మసకబారి టకటకటకమని వరసగా చప్పుడొస్తే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ వదులైంది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఒకే ఒక్క ‘టక్’ వినిపిస్తే సోలెనాయిడ్ (మోటరుకు అతికి ఉండే, తాళం తిప్పితే కరెంటును లోపలికి వదిలే స్విచ్) లాగుతోంది, కరెంటు మాత్రం మోటరు లోపలికి పోవడం లేదు. సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయినా, మోటరులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినా ఇదే లక్షణం. ఒక్క టక్‌తో పాటు లైట్లు కూడా దాదాపు ఆరిపోతే మోటరు గానీ, ఇంజనే గానీ బిగుసుకుపోయి ఉండొచ్చు.

గుయ్యిమని మోటరు ఒక్కటే తిరుగుతూ ఇంజను కదలకపోతే బెండిక్స్ (మోటరు నుంచి ముందుకు దూకి ఇంజనును పట్టి తిప్పే పళ్ల చక్రం) పోయింది. గరగరమని రాపిడి చప్పుడొస్తే బెండిక్స్ పళ్లో, అది పట్టుకునే ఇంజను పెద్ద చక్రం, అంటే ఫ్లైవీల్, రింగు పళ్లో అరిగాయి. అసలు ఏ చప్పుడూ లేకపోతే మోటరును చివర్లో అనుమానించండి. ముందు ఫ్యూజు, రిలే, ఇగ్నిషన్ స్విచ్ చూడాలి. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే బండ్లలో క్లచ్ పెడల్ దగ్గరి చిన్న స్విచ్ కూడా ఈ పని చేస్తుంది. మీటర్ల దగ్గర తాళం గుర్తు లైటు మిణుకుమిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో బండి స్టార్టవకుండా ఆపే పరికరం) మీ తాళాన్ని గుర్తుపట్టలేదని అర్థం. రెండో తాళంతో ప్రయత్నించండి.

బ్యాటరీ కొత్తదే. దాన్ని మళ్లీ చూడటం ఎందుకు?

కొత్త బ్యాటరీకీ టెర్మినల్ వదులుగా బిగిస్తారు కాబట్టి. క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. కొద్దిగా కదిలినా అది వదులే. సెల్ఫ్ కొట్టేటప్పుడు చిన్న పెట్రోలు కారు కూడా 100 ఆంపియర్ల పైన లాగుతుంది, డీజిల్ అయితే ఇంకా ఎక్కువ. లైట్లకు, హారన్‌కు సరిపోయే అతుకు అంత కరెంటుకు సరిపోదు. అందుకే ‘హారన్ బాగా మోగుతోంది, బ్యాటరీ బాగానే ఉంది’ అనే మాట నమ్మలేం.

రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2కు దిగితే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే ఆల్టర్నేటర్ సరిగా చార్జి చేయడం లేదు. అప్పుడు ఎన్ని సెల్ఫ్ మోటర్లు మార్చినా మూడో రోజు కథ మొదటికే వస్తుంది.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే, క్లాంపులు విప్పి, వేడినీళ్లలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. సెల్ మూతల లోపలికి ఆ నీళ్లు పోకూడదు. ఆరాక గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ పూయండి. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు మనది. అయినా బానెట్ ఎత్తితే టెర్మినళ్లు చాలా బండ్లలో సున్నం కొట్టినట్టే ఉంటాయి!

మోటరే పోయిందని మీటరుతో గట్టిగా తేల్చుకునేదెట్లా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లకు మాత్రం డబ్బు మిగులుతుంది.

మోటరు వెనక మూడు టెర్మినళ్లుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్ వచ్చి నట్టుతో బిగిసేది 30. తాళం నుంచి సన్న వైరు వచ్చే చోటు 50. సోలెనాయిడ్ నుంచి మోటరు లోపలికి వెళ్లే మూడోదానితో మనకు ఇప్పుడు పని లేదు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయండి. అప్పుడు ఇంజను తిరుగుతుంది గానీ స్టార్టవదు. మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ సీసపు బొడిపె మీద, నల్ల వైరు మోటరు 30 స్టడ్డు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఎర్ర వైరు క్లాంపు మీద కాదు, బొడిపె మీదే పెట్టాలి. 0.5 వోల్టు దాటితే కేబుల్‌లోనో, క్లాంపులోనో లోపం. తర్వాత నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ఇంజను దిమ్మె మీద పెట్టి మళ్లీ కొట్టించండి. 0.3 దాటితే ఎర్త్ కేబుల్ (బ్యాటరీ మైనస్‌ను ఇంజనుకు కలిపేది) సరిగా లేదు. ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే, దాన్ని విప్పి ఎమరీ పేపరుతో రుద్ది బిగించాకనే మోటరు గురించి ఆలోచించండి.

ఒక మెలిక ఉంది. మోటరు అసలు కరెంటే లాగకపోతే ఈ రెండు చోట్లా మీటరు సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి కేబుళ్లు భేషుగ్గా ఉన్నాయనుకోకండి. అప్పుడు 50 దగ్గరికి రండి: ఎర్ర వైరు 50 మీద, నల్ల వైరు ఇంజను దిమ్మె మీద పెట్టి తాళం తిప్పిస్తే 10 వోల్టుల పైన రావాలి. రాకపోతే లోపం తాళం వైపు ఉంది. 50కి వోల్టేజి వస్తోంది, 30 మీద 12 వోల్టులున్నాయి, ఎర్త్ శుభ్రంగా ఉంది, అయినా తిరగడం లేదంటే ఇక మోటరు విప్పొచ్చు.

ఆ ముందు ఇంకొక్కటి. తాళం ఆఫ్ చేసి, హ్యాండ్ బ్రేకు దించి, బండిని అయిదో గేరులో పెట్టి, చదును నేల మీద ఇద్దరు తోయండి. బరువుగానైనా కదిలితే ఇంజను తిరుగుతున్నట్టే. రాయిలా కదలకపోతే అది సెల్ఫ్ పని కాదు, మెకానిక్‌ను పిలవండి.

పొద్దున బాగానే పడుతుంది. ఎండలో చెన్నై నుంచి వచ్చి పుత్తూరులో టీకి ఆపితే మళ్లీ సెల్ఫ్ పట్టదు. అరగంట ఆగితే పడుతుంది. ఎందుకిట్లా?

ఇది మోటరు వైపు వేలు చూపే లక్షణమే. సెల్ఫ్ మోటరు ఇంజనుకు అతుక్కుని, చాలా బండ్లలో సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉంటుంది. బండి ఆపగానే గాలి ఆగిపోయి ఆ వేడంతా మోటరు మీదికి చేరుతుంది. రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరిగి సోలెనాయిడ్ లాగే బలం తగ్గుతుంది. ఇరుసును పట్టి ఉంచే బుష్‌లు అరిగి ఉంటే ఆర్మేచర్ (మోటరులో తిరిగే భాగం) పక్కకు వాలి లోపల రాచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఎట్లాగో నెట్టుకొస్తుంది, మే నెల మధ్యాహ్నం చేతులెత్తేస్తుంది. ఎర్త్ కూడా ఒకసారి చూసి, ఆ తర్వాత మోటరు దించండి.

పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చే ఫిర్యాదు దీనికి తలకిందులు: డిసెంబరు, జనవరి పొద్దుల్లో డీజిల్ బండి బద్ధకంగా తిరుగుతుంది, ఎండెక్కాక బాగుంటుంది. అక్కడ చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, చల్లటి డీజిల్ ఇంజను లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు పోయి ఉంటే కష్టం ఇంకా పెరుగుతుంది. సెల్ఫ్ మార్చి లాభం లేదు.

సుత్తితో మెల్లగా కొడితే పడుతుందంటారు. నిజమేనా?

పాత బండ్లలో నిజమే. ఇరుక్కున్న బ్రష్ కదిలి ఒకటి రెండుసార్లు పడుతుంది, ఇల్లు చేరడానికి పనికొస్తుంది. ఇప్పటి చిన్న మోటర్లలో చాలావాటికి తీగచుట్టల బదులు శాశ్వత అయస్కాంతాలు లోపల అతికించి ఉంటాయి. అవి పింగాణీలా పెళుసు. దెబ్బకు చిట్లితే ముక్కలు ఆర్మేచర్‌ను పట్టేస్తాయి, వందల్లో పోయే రిపేరు వేలల్లోకి వెళ్తుంది. కొట్టకండి.

స్క్రూడ్రైవర్‌తో 30, 50 కలిపి స్టార్ట్ చేసే విద్య కూడా వదిలేయండి. బండి గేరులో ఉంటే ముందు నిలబడ్డవాళ్ల మీదికి ఎక్కేస్తుంది.

తిరుమలలో దర్శనం చేసుకుని వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ లేదు. ఇంజను ఆపేసి ఘాట్‌లో జారుకుంటూ అలిపిరి దాకా రావచ్చా, సామీ?

వద్దు సామీ, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఇంజను ఆగితే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌కు వాక్యూమ్ అందదు. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం పొరపాటున వెనక్కి తిరిగి బయటికొస్తే స్టీరింగ్ లాకైపోతుంది. అన్ని వంపుల్లో ఈ మూడూ లేకుండా దిగడం ప్రాణాలతో ఆట. భాకరాపేట ఘాట్‌కూ, మొగిలి ఘాట్‌కూ ఇదే మాట.

మాన్యువల్ గేరు బండి, బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ ఒక్కటే పోయిందంటే పార్కింగులో చదునైన చోటే తోయించి స్టార్ట్ చేసుకోవచ్చు. తాళం ఆన్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, రెండో గేరు వేయండి. మనిషి పరిగెత్తే వేగం వచ్చాక క్లచ్ ఒక్కసారి వదిలి, అందుకోగానే మళ్లీ తొక్కండి. స్టార్టయ్యాక కిందికి వచ్చేదాకా ఇంజను ఆపొద్దు, ఎప్పటిలాగే చిన్న గేరులో దిగండి. నాలుగైదుసార్లకు అందుకోకపోతే ఆపేయండి, కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిన బండి తోసినా లేవదు, పెట్రోలు పంపుకూ, కంప్యూటరుకూ కరెంటు కావాలి కదా. ఆటోమేటిక్ బండ్లను, క్లచ్ పెడల్ లేని ఏఎంటీ బండ్లను తోసి స్టార్ట్ చేయకూడదు. వాటికి రికవరీ బండే గతి.

ఇంటి దగ్గర నేను చేయగలనా? ఏ బండ్లకు వద్దు?

బ్యాటరీ ఎప్పుడైనా సొంతంగా విప్పి బిగించినవాళ్లు, పానాలు పట్టడం అలవాటున్నవాళ్లు చేయగలరు. మోటరు పైనుంచో, ముందు నుంచో చేతికి అందే బండి అయితే కష్టమేమీ లేదు. మొదటిసారి సగం రోజు పోతుందనుకుని కూర్చోండి. మరుసటి పొద్దున పెళ్లికి వెళ్లాల్సి ఉంటే ముందురోజు సాయంత్రం మొదలుపెట్టకండి.

వారంటీలో ఉన్న బండిని ముట్టుకోవద్దు, షోరూముకే పంపండి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తాను ఆగి మళ్లీ స్టార్టయ్యే బండ్లలో మోటరు, బ్యాటరీ రెండూ ప్రత్యేకమైనవి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ బండ్లలో ఆల్టర్నేటర్ బదులు, ఇంజనును స్టార్ట్ కూడా చేసే బెల్టు జనరేటరు ఉంటుంది. వాటిని తెలిసినవాళ్లకే వదలండి. మోటరు తీయడానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ దించాల్సిన ఇంజన్లు కూడా కొన్ని ఉన్నాయి, ఇంటి ముందు చేసే పని కాదది. ఏ రకమో తెలియకపోతే బానెట్ ఎత్తి, లావు ఎర్ర కేబుల్ బ్యాటరీ నుంచి ఎటు పోతోందో చూడండి. ఇంజను, గేరుబాక్సు కలిసే చోట, ఫ్లైవీల్ పక్కన, పడుకోబెట్టిన డబ్బాలాంటి మోటరు దగ్గర అది ఆగుతుంది. మీ చేయి అక్కడికి పోతుందో లేదో చూసుకుంటే నిర్ణయం మీకే తెలుస్తుంది.

ఏయే సామాన్లు కావాలి?

10, 12, 13, 14 సైజు రింగ్ పానాలు, అవే సైజుల బాక్స్ పానాలు, రాచెట్, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ రాడ్డు. తలకు పెట్టుకునే టార్చి ఉంటే సగం బాధ తప్పుతుంది. తుప్పు వదిలే స్ప్రే, ఎమరీ పేపరు, వైరు బ్రష్, మల్టీమీటర్. కింద నుంచి పని చేయాలంటే జాకీతో పాటు రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టడానికి మంచి రాళ్లో, కట్టె దిమ్మెలో.

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు. మన వీధుల్లో ఇంటి ముందు మట్టి నేలే ఎక్కువ. స్టాండు కాలు మట్టిలోకి దిగబడి బండి ఒరుగుతుంది. సిమెంటు నేల దొరక్కపోతే స్టాండు కింద మందపాటి చెక్క పలక వేయండి. ఇటుకల మీద బండి నిలబెట్టడం, ఎంతమంది చేస్తున్నా, చేయకూడని పనే. ఇటుక చెప్పి పగలదు.

బ్యాటరీ మైనస్ ముందు తీయాలంటారు. ఏది ముందు తీస్తే ఏమవుతుంది?

కారు రేకంతా మైనస్‌కు కలిసి ఉంటుంది. ప్లస్ ముందు విప్పేటప్పుడు పానా కొస రేకుకు తగిలితే బ్యాటరీ మొత్తం ఆ పానా గుండానే షార్టవుతుంది. నిప్పురవ్వలు లేస్తాయి, పానా ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటే పేలే ప్రమాదమూ ఉంది. మైనస్ ముందు తీసేస్తే తర్వాత పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు మైనస్ చివర్లో. ఉంగరం, చేతి గొలుసు, కడియం ముందే తీసి ఇంట్లో పెట్టేయండి.

మోటరు మీద 30 దగ్గరికి వచ్చే కేబుల్‌లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం జేబులో ఉన్నా సరే. చాలావాటికి మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు. ‘తాళం తీసేశాను కదా’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

విప్పే వరుస చెప్పండి.

ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. బండి చదును నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. మైనస్ తీసి, ఆ క్లాంపు మళ్లీ బొడిపెకు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. అడ్డమున్న ఎయిర్ ఫిల్టర్ డబ్బా, గొట్టాలు తీయండి. తీసేముందు ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకోండి, సాయంత్రం వెలుతురు తగ్గాక అవే దిక్కు.

ముందు 50 వైరు. కొన్నిటికి లాగితే వచ్చే సాకెట్టు, కొన్నిటికి నొక్కి లాగాల్సిన లాకు ఉంటుంది. వైరు పట్టి లాగొద్దు, సాకెట్టు పట్టి లాగండి. ఎండకు గట్టిబడిన ప్లాస్టిక్ ఇట్టే విరుగుతుంది.

తర్వాత 30. రబ్బరు టోపీ వెనక్కి జరిపితే నట్టు కనిపిస్తుంది, ఎక్కువగా 12 లేదా 13 సైజు. ఇక్కడే తొందరపడతారు చాలామంది. ఆ స్టడ్డు రాగిది, దాని చుట్టూ ఉన్నది ప్లాస్టిక్ మూత. తుప్పు పట్టిన నట్టును బలవంతంగా తిప్పితే నట్టుతో పాటు స్టడ్డే తిరిగి మూత చిట్లుతుంది. మారుస్తున్న మోటరు కదా పోతే పోయిందిలే అనుకోకండి, రిపేరుకు ఇవ్వాలంటే అదీ కావాలి. స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి కదుపుతూ తీయండి.

ఇక మోటరును గేరుబాక్సుకు పట్టి ఉంచే బోల్టులు, రెండో మూడో ఉంటాయి, ఎక్కువ బండ్లకు 14 సైజు. కింది బోల్టు ముందు తీసి, పై బోల్టు చివరికి ఉంచండి. చివరి బోల్టు తీసేటప్పుడు రెండో చేయి మోటరు కింద ఉండాలి. చిన్న కారు మోటరు కూడా మూడు నాలుగు కిలోలుంటుంది, వేళ్ల మీదో, మొహం మీదో పడితే చిన్న దెబ్బ కాదు. ఒక బోల్టు పొడుగు, ఒకటి పొట్టి ఉండొచ్చు, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. కొన్ని బండ్లలో ఎర్త్ కేబుల్ కూడా ఇదే బోల్టుకు బిగిసి ఉంటుంది, తిరిగి పెట్టేటప్పుడు దాన్ని మరిచిపోతే కొత్త మోటరు కూడా టక్‌మంటుంది. మధ్యలో పల్చటి రేకు ఏదైనా ఉంటే పారేయకండి.

మోటరు బయటికొచ్చాక ఆ రంధ్రంలోకి టార్చి వేసి ఫ్లైవీల్ రింగు పళ్లు చూడండి. హ్యాండ్ బ్రేకు దించి, నాలుగో గేరులో పెట్టి ఒకరు బండిని కొద్దికొద్దిగా తోస్తుంటే పళ్లన్నీ వరసగా కళ్లముందుకొస్తాయి. బండి స్టాండ్ల మీద ఉంటే ఈ పని చేయొద్దు. పళ్ల అంచులు కాస్త మెరిస్తే పర్వాలేదు. ఒకచోట విరిగో, నున్నగా అరిగో ఉంటే కొత్త మోటరు కూడా అక్కడే గరగరమంటుంది. ఆ రింగు మార్చాలంటే గేరుబాక్సు దించాలి, అది గ్యారేజీ పని.

బోల్టు రావడమే లేదు. పైపు తగిలించి తిప్పనా?

గేరుబాక్సు అల్యూమినియంది. బోల్టు విరిగినా, మర పోయినా మోటరు ఖర్చును మించిన ఖర్చు. రాత్రి స్ప్రే కొట్టి పొద్దున ప్రయత్నించండి. ఆరు మూలల బాక్స్ పానా వాడండి, పన్నెండు మూలలది తల గుండ్రంగా చేసేస్తుంది. ముందు కొంచెం బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పే వైపు. అయినా రాకపోతే మెకానిక్‌ను ఇంటికి పిలవడంలో చిన్నతనమేమీ లేదు.

విప్పిన మోటరు రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

బ్రష్‌లు, బుష్‌లు, బెండిక్స్, సోలెనాయిడ్: ఈ నాలుగూ విడిగా దొరుకుతాయి. ఆటో ఎలక్ట్రీషియన్ మీ ముందే విప్పి చూపిస్తే నిలబడి చూడండి. బ్రష్ పొట్టిగా అయిపోయి స్ప్రింగు దాన్ని నొక్కలేకపోతోందా, ఆర్మేచర్ చివర రాగి పలకల వరస నల్లగా కాలిందా అని మీకే కనిపిస్తుంది. ఆర్మేచర్ నుంచి కాలిన వాసన వస్తూ తీగల పూత మాడిపోయి ఉంటే రిపేరు మాట వదిలి కొత్తది కొనడం మేలు. తీగ మళ్లీ చుట్టిస్తే నడుస్తుంది గానీ, చుట్టేవాళ్ల చేతిని బట్టి ఉంటుంది. బ్రష్‌లు, బుష్‌లు మాత్రమే పోయిన కంపెనీ మోటరును పారేసి, పేరు తెలియని చవక మోటరు కొనడం నా లెక్కలో నష్టమే.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని సంచిలో వేసుకుని షాపుకు వెళ్లండి. ఫోనులో బండి పేరు చెప్పి తెప్పించుకుంటే సగంసార్లు తప్పుది వస్తుంది, ఎందుకంటే ఒకే పేరు కారుకు ఏడాదిని బట్టి, పెట్రోలా డీజిలా అనేదాన్ని బట్టి మోటరు మారుతుంది. కౌంటరు మీద రెండూ పక్కపక్కన పెట్టి పళ్ల లెక్క, బోల్టు రంధ్రాల దూరం, 50 సాకెట్టు ఆకారం, సోలెనాయిడ్ ఏ వైపుందో పోల్చండి. పాత మోటరు మీది లేబుల్‌లో పార్ట్ నంబరు చదవగలిగితే ఇంకా మంచిది. లూకాస్ టీవీఎస్, బాష్, వాలియో, డెన్సో పేర్లు మీకు వినిపిస్తాయి. వీటిలో లూకాస్ టీవీఎస్ మనకు దగ్గరదే, చెన్నై పాడిలో ఉంది. బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే గ్యారంటీ కూడా తగ్గించినట్టే.

చిత్తూరువాళ్లు వేలూరుకో, చెన్నై జీపీ రోడ్డుకో పోయి తెస్తుంటారు. పుదుపేటలో సెకండ్ హ్యాండ్ కూడా దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ అయితే అక్కడే బ్యాటరీ పెట్టి తిప్పించి, పినియన్ (బెండిక్స్ పళ్ల చక్రం) బయటికి దూకుతోందో లేదో చూశాకనే డబ్బులివ్వండి. ఈ పరీక్ష వాళ్ల బల్ల మీద, వాళ్ల వైసులో బిగించి చేయాలి. ఇంట్లో చేత్తో పట్టుకుని చేస్తే మోటరు ఒక్క గుంజు గుంజి చేతిలోంచి ఎగిరిపోతుంది.

బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

మోటరు ఆనే చోటు శుభ్రంగా ఉండాలి. చాలా కార్లలో మోటరుకు ఎర్త్ ఆ ఆనిక ద్వారానే అందుతుంది, అక్కడ తుప్పు, గ్రీజు, రంగు ఉండకూడదు. బోల్టులు ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కించాలి. మొదటి చుట్టుకే పానా పెడితే మర అడ్డంగా ఎక్కుతుంది. రెండూ ఎక్కాక మార్చి మార్చి బిగించండి. బిగింపు కొలత మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచి ఉంటే ఆ లెక్కకే వాడండి. 30 నట్టును మాత్రం బలప్రదర్శనకు వాడుకోకండి, కేబుల్ కదలకుండా ఉంటే చాలు. రబ్బరు టోపీ మళ్లీ తొడగండి. 50 సాకెట్టు క్లిక్‌మనేదాకా నొక్కండి. కేబుళ్లు సైలెన్సర్ గొట్టానికి తగలకుండా పాత క్లిప్పుల్లోనే పెట్టండి. తీసిన ఎయిర్ ఫిల్టర్, గొట్టాలు పెట్టి, అన్నిటికంటే చివర మైనస్.

మొదటిసారి తాళం తిప్పేముందు గేరు న్యూట్రల్‌లో ఉందని, హ్యాండ్ బ్రేకు లాగి ఉందని, బండి కింద పానాలు, పిల్లలు, పిల్లి లేవని చూసుకోండి.

బ్యాటరీ తీసి పెట్టాక గడియారం, అద్దాలు, ఐడ్లింగు తేడాగా ఉన్నాయి. ఏమైనా పాడైందా?

లేదు. గడియారం మళ్లీ పెట్టుకోవాలి. ఒక్క నొక్కుతో దిగే పవర్ విండోను పూర్తిగా పైకెత్తి స్విచ్ కాసేపు అట్లాగే పట్టుకుంటే చాలా కార్లలో సర్దుకుంటుంది. ఐడ్లింగు కొద్దిసేపు నడిపాక కుదురుకుంటుంది. కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, బ్యాటరీ తీయకముందే ఆ కార్డు వెతికిపెట్టుకోండి.

తాళం వదిలేశాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంది, పొగ వస్తోంది!

ముందు బండి ఆఫ్ చేయండి. అయినా ఆగకపోతే బ్యాటరీ మైనస్ తీసేయండి, ఆలోచిస్తూ నిలబడొద్దు. సోలెనాయిడ్ కాంటాక్టులు కరిగి అతుక్కున్నాయి, లేదా రిలే ఇరుక్కుంది. అట్లా కొంతసేపు తిరిగిన మోటరును మళ్లీ నమ్మలేం.

ఒకసారికి ఎంతసేపు సెల్ఫ్ కొట్టొచ్చు?

అయిదు నుంచి పది సెకన్లు, ఆ తర్వాత కనీసం అర నిమిషం విరామం. మోటరు ఎక్కువసేపు తిరగడానికి చేసింది కాదు, దానికి చల్లార్చుకునే ఫ్యాను కూడా లేదు. పెట్రోలు అయిపోయిన బండికి సెల్ఫ్ కొట్టీ కొట్టీ మోటరు కాల్చుకునేవాళ్లున్నారు.

వానలకు బండి సగం మునిగింది. సెల్ఫ్ కొట్టి చూడనా?

కొట్టొద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు చాలామంది నీళ్లు తీయగానే చేసిన పని అదే. సిలిండర్లలోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు మైనస్ తీసి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూసి, బండిని లాగించి గ్యారేజీకి పంపండి. ఇన్సూరెన్స్‌వాళ్లకు ఫొటోలు తీసి పెట్టండి.

ఇంజను క్షేమమని తేలాక సెల్ఫ్ మోటరు సంగతి. అది చాలా బండ్లలో కిందిభాగంలో ఉంటుంది కాబట్టి బురదనీళ్లు ముందు దానిలోకే పోతాయి. అప్పటికి తిరిగినా, బుష్‌లు, బెండిక్స్ తుప్పు పట్టి కొన్ని వారాల తర్వాత మొరాయిస్తుంది. దించి, విప్పి, కడిగి, ఆరబెట్టి, గ్రీజు పెట్టించుకుంటే బతుకుతుంది.

పాత మోటరు ఏం చేయాలి?

చాలా షాపులు పాతది తీసుకుని కొత్తదాని ధరలో తగ్గిస్తాయి, అడగకపోతే తగ్గించవు. అడిగినా తీసుకోకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి, లోపలి రాగికీ, బాగున్న సోలెనాయిడ్‌కూ ఆయన దగ్గర విలువ ఉంటుంది. పాత ఇనుప సామాన్ల బండివాడికి తూకానికి వేస్తే రాగిని కూడా ఇనుము లెక్కలోనే కొనేస్తాడు.